బండి కంటే ముందు ఇంజిన్: అనంతపురం షెడ్ల జ్ఞాపకాలు

1980లలో, 90లలో అనంతపురంలో ఏ మెకానిక్ షెడ్డుకు పోయినా ఒక మూల అంబాసిడర్ పెట్రోల్ ఇంజిన్ కనిపించేది. కింద రెండు చెక్కదిమ్మెలు, కార్బరేటర్ విప్పిన రంధ్రాల్లో బనియన్ వేస్టు, పైన గోనెపట్టా. దాని బండికి ఏమీ కాలేదు, డీజిల్ ఇంజిన్ వేసుకుని రోడ్డు మీదే తిరుగుతుండేది. లీటరుకు ఎనిమిదో పదో కిలోమీటర్లిచ్చే పెట్రోల్ బండితో టాక్సీ గిట్టదని లెక్క తేలింది మరి. పుట్టపర్తికి రైలు లేని రోజుల్లో ధర్మవరం స్టేషన్ బయట కాచుకునే బండ్లూ, పెండ్లిండ్ల సీజన్ మీద బతికే బండ్లూ ఒకటొకటిగా డీజిల్‌కు మారిపోయాయి. విప్పిన ఇంజిన్‌ను తూకానికి వేయడానికి మాత్రం మేస్త్రీలకు మనసొచ్చేది కాదు. ‘‘ఉండనీలేన్నా, దీనికీ ఒక బండి దొరకకపోతుందా’’ అనేవాళ్లు.

ఇప్పుడు పాత అంబాసిడర్‌ను మళ్లీ నిలబెట్టుకోవాలనుకునేవాళ్లకు ఆ మాటే ఆధారం. బాడీలు దొరుకుతున్నాయి, వాటి సొంత ఇంజిన్లు ఉండటంలేదు. అందుకే ముందు ఇంజిన్ చేసి పెట్టుకుని, తర్వాత బండి వెతుక్కోమని పాత మేస్త్రీలు చెప్తారు. బండి ముందు కొంటే, ఇంజిన్ పని సాగినన్నాళ్లూ అది ఎండలో నిలబడి రంగూ రబ్బరూ సీట్లూ పోగొట్టుకుంటుంది. ఇంజిన్‌కైతే నాలుగడుగుల చోటు చాలు. పైగా ఈ పనిలో అంచనాకు అందని ఖర్చంతా ఇంజిన్‌లోనే ఉంటుంది. అది తేలిపోతే బండి బేరం ధైర్యంగా ఆడొచ్చు. ఇంజిన్ చచ్చిన బండికి ధర తక్కువ, మనకు కావలసిందీ అదే.

అంబాసిడర్ అంటే మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. హిందుస్థాన్ మోటార్స్ దాన్ని పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో చేసేది, 2014లో ఆపేసింది. మొదటి బండ్లకు 1476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజిన్ వచ్చేది. ఆ వెంటనే వచ్చిన 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిన్‌ దశాబ్దాలు నడిచింది. షెడ్లలో మిగిలిందీ, ఇక్కడ చెప్పేదీ దాని గురించే. బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రం వెడల్పు, 73 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టన్ ఆడే దూరం, 88.9. పిస్టన్లు తిప్పే క్రాంకుకు మూడే మెయిన్ బేరింగులు. డీజిల్ ఇంజిన్ కూడా 1489 సీసీయే కాబట్టి కాగితం మీద ఆ అంకె చూసి పెట్రోల్ అనుకోకూడదు. తర్వాత వచ్చిన 1.8 ఇసుజు ఇంజిన్ పూర్తిగా వేరే జాతి, దాని సామాను దీనికి పనికిరాదు.

పాత ఇంజిన్ బేరమాడేటప్పుడు మేస్త్రీ మొదట చేసే పని క్రాంక్ పుల్లీ నట్టుకు పానా వేసి తిప్పడం. తిరిగితే సగం గెలిచినట్టే. బిగిసిపోయినా చచ్చిందని కాదు. ప్లగ్గులు విప్పి, కిరసనాయిలూ ఇంజిన్ ఆయిలూ సగం సగం కలిపి నాలుగు బోర్లలో పోసి వారం వదిలేస్తే చాలావరకు కదులుతుంది. పొడుగు పైపు వేసి బలవంతం చేస్తే రింగులు విరిగి బోరు గీసుకుంటుంది. తర్వాత పుల్లీని రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగాలి. ఈ ఆట రెండు మూడు థౌలే, అంటే అంగుళంలో వెయ్యో వంతులు రెండో మూడో, ఉండాలి. కంటికి తెలిసేంత ఆట ఉందంటే నడిమి బేరింగు దగ్గరి థ్రస్ట్ వాషర్లు అరిగిపోయాయన్నమాట, అప్పుడు క్రాంకును కూడా అనుమానించాలి. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ ప్లగ్గు విప్పితే ముందు నీళ్లు కారినా, ఆయిల్ మజ్జిగ రంగులో వచ్చినా హెడ్డు (సిలిండర్ల మీది మూత) కింది గాస్కెట్టు పోయిందో, హెడ్డే పగిలిందో అన్నమాట. ఇంకొకటి, కాగితం లేని ఇంజిన్ ఎంత చవకైనా వద్దు. ఇంజిన్ నంబరుతో రసీదు, పాత బండి ఆర్‌సీ నకలు ఇంజిన్‌తో పాటే తీసుకోవాలి. రేపు ఆర్‌టీఓ ఆఫీసులో మొదట అడిగేవి అవే.

విప్పడంలో ఈ ఇంజిన్‌కు సొంత పద్ధతులున్నాయి. హెడ్డుకు 11 పెద్ద నట్లు. వాటిలో నాలుగు, వాల్వులను నొక్కే రాకర్ల షాఫ్ట్ కాళ్లను కూడా పట్టుకుని ఉంటాయి. రాకర్ ఒక్కటే తీద్దామని ఆ నాలుగూ విప్పితే హెడ్డు ఒకవైపు లేచి వంకర పోతుంది, నీళ్లు బోర్లలోకి దిగుతాయి. రాకర్ తీయాలన్నా ముందు నీళ్లు దింపి, 11 నట్లూ కొంచెం కొంచెంగా వదులు చేయాల్సిందే. రాకర్లను ఎత్తే పుష్‌రాడ్లను అట్టముక్కకు ఎనిమిది చిల్లులు పొడిచి వరుసగా గుచ్చి పెట్టేవాళ్లు. పుష్‌రాడ్ల కింద క్యామ్ మీద ఆనే ట్యాపెట్లు అంతకంటే ముఖ్యం. ఒక్కో ట్యాపెట్ తన క్యామ్‌తో కలిసి అరిగి ఉంటుంది, తారుమారైతే కొత్తగా రెండూ తినేసుకుంటాయి.

పిస్టన్లు పైనుంచే వస్తాయి. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కాన్‌రాడ్ పెద్ద కన్నును ఏటవాలుగా కోసింది బోరులోంచి పైకి దూరడానికే. అయితే బోరు పైభాగాన రింగు తాకని చోట చిన్న మెట్టు మిగిలి ఉంటుంది. దాన్ని గీకి తీయకుండా కింద నుంచి కొడితే రింగు ఆ మెట్టుకు తగిలి పిస్టన్ గాడి విరిగిపోతుంది. పిస్టన్ ఎలాగూ పారేసేదే అయినా, విరిగిన ముక్క బోరును చీరేస్తుంది. కాన్‌రాడ్ మీదా దాని టోపీ మీదా సిలిండర్ నంబరు కొట్టి ఉంటుంది. లేకపోతే విప్పకముందే పంచ్‌తో చుక్కలు కొట్టుకోవాలి. పిస్టన్‌ను రాడ్‌కు కలిపే గడ్జియన్ పిన్ను చిన్న కన్నులో క్లాంప్ బోల్టుతో బిగించి ఉంటుంది కాబట్టి ఆ బోల్టు తీయకుండా పిన్ను కొట్టకూడదు. కొడితే రాడ్ వంగుతుంది.

ఇక మా జిల్లాకు ప్రత్యేకమైన జబ్బు, నీళ్లు. బోరుబావి నీళ్లు పోసిన ఇంజిన్ల బ్లాకులో సున్నం పేరుకుపోతుంది, అన్నిటికంటే ఎక్కువగా వెనక నాలుగో సిలిండర్ చుట్టూ. డ్రైన్ కొళాయి విప్పినా చుక్క కారదు, కొళాయి పాడైందనుకుంటారు. లోపల గట్టకట్టిన బురద దాన్ని మూసేసి ఉంటుంది. రేడియేటర్ మార్చినా, వాటర్ పంపు మార్చినా పెనుకొండ ఎక్కేలోపు సూది ఎర్రగీత దాటే బండ్లన్నిటికీ మూలం అక్కడే. దీనికి కోర్ ప్లగ్గులన్నీ పొడిచి తీసేయాలి. ఆ కంతల్లోంచి గట్టి తీగతో గీకి, సిలిండర్లు కోసే బోరింగ్ షాపులో కాస్టిక్ తొట్టిలో ఉడికించాలి. కోర్ ప్లగ్గులు మళ్లీ కొత్తవే. రూపాయి బిళ్లంత రేకు దగ్గర పిసినారితనం చేస్తే, ఇంజిన్ బండికెక్కాక ఇంజిన్‌కూ సీట్లకూ మధ్య గోడ (ఫైర్‌వాల్) వైపు ప్లగ్గు కారుతుంది. దాన్ని మార్చాలంటే ఇంజిన్ మళ్లీ దింపాలి.

బోరింగ్ పనిలో వరుస తప్పేవాళ్లే ఎక్కువ. ముందు పిస్టన్ సెట్ చేతికి రావాలి, తర్వాతే బ్లాకు షాపుకు పోవాలి. అరిగిన బోరును పెద్దది చేసి వేసే ఓవర్‌సైజు పిస్టన్లు 10, 20, 30, 40 థౌలవి. షాపువాడు 30కి కోసి ఇచ్చాక ఊర్లో 40 సెట్టే దొరికితే మళ్లీ కోయించడం తప్ప దారి లేదు, 40 తర్వాత బోర్లలో స్లీవులు, అంటే కొత్త గొట్టాలు, దించడమే గతి. అప్పట్లో అనంతపురం నుంచి రాత్రి బస్సెక్కి బెంగళూరు జేసీ రోడ్డులో దిగి, సాయంత్రానికల్లా పిస్టన్లు, రింగులు, బేరింగ్ షెల్సు, గాస్కెట్ కిట్టు సంచిలో వేసుకొచ్చేవాళ్లు. ఇప్పుడు ఫోన్లోనే తెప్పించుకోవచ్చు. కానీ డబ్బా మీద అంకెను నమ్మకుండా ఒక్కో పిస్టన్‌ను మైక్రోమీటర్‌తో కొలిచి, దాని బోరు దానికే కోయించాలి. కోసిన తర్వాత రాతితో రుద్దే హోనింగ్‌లో అడ్డగీతలు ఒకదానికొకటి ఏటవాలుగా పడాలి. అద్దంలా మెరిసే బోరు చూడ్డానికి బాగుంటుంది గానీ దానిమీద ఆయిల్ నిలవదు, రింగులు కూర్చోవు. రింగును పిస్టన్‌కు ఎక్కించకముందు బోరులోకి దింపి, పిస్టన్‌తో అడుక్కి తోసి, మూతుల మధ్య సందు ఫీలర్‌తో చూడాలి. 8 నుంచి 13 థౌలు సరైన సందు. అంతకు తక్కువుంటే వేడికి మూతులు కలుసుకుని రింగు బోరును పట్టేస్తుంది.

అరిగిన క్రాంకును గ్రైండ్ చేస్తే 10 థౌల మెట్లలోనే తగ్గుతుంది. బేరింగులో తిరిగే మెయిన్ జర్నల్ అసలు కొలత 2 అంగుళాలు. గ్రైండింగ్ షాపు నుంచి రాగానే జర్నల్ అంచుల్లో వేలు పెట్టి చూడాలి. అక్కడ చిన్న వంపు మిగిల్చి ఉండాలి. మూల నిటారుగా కోసేస్తే పగులు అక్కడే పుట్టి క్రాంకు ఏదో ఒకరోజు రెండు ముక్కలవుతుంది. ఆయిల్ రంధ్రాల అంచులు కూడా పదును లేకుండా నునుపు చేసి ఉండాలి, లేదంటే కొత్త షెల్లును గోకేస్తాయి. బోరింగ్ నుంచి వచ్చిన బ్లాకు శుభ్రంగా కనిపిస్తుంది కానీ నమ్మకూడదు. ఆయిల్ గ్యాలరీ చివర్ల ప్లగ్గులు తీసి, పొడుగు బ్రష్షుతో సబ్బునీళ్లు పోసి తోమాలి. తెల్లగుడ్డ తోస్తే తెల్లగానే బయటికి రావాలి. హోనింగ్ రాతిపొడి ఒక్క చిటికెడు మిగిలినా కొత్త బేరింగులు తొలి వెయ్యి కిలోమీటర్లకే పోతాయి, నింద మాత్రం షెల్లు కంపెనీ మీద పడుతుంది.

హెడ్డులో చూడాల్సింది నడిమి భాగం. ఎగ్జాస్ట్ దారులు మూడే, నడిమి దారి 2, 3 సిలిండర్లు రెంటికీ ఉమ్మడి. వేడంతా అక్కడే చేరుతుంది కాబట్టి పెట్రోల్ మండే ఆ రెండు చాంబర్లలో ఎగ్జాస్ట్ సీటు పక్కన పగుళ్లు వెతకాలి. కిరసనాయిలు పూసి తుడిచి, సుద్దపొడి చల్లితే పగులు తడిగీతగా బయటపడుతుంది. వాల్వు సీట్ల విషయంలో కాలం మారింది. ఈ హెడ్డు సీసం కలిపిన పెట్రోల్ రోజులది. మన దేశంలో ఆ పెట్రోల్ 2000 ఫిబ్రవరి 1తో పోయింది. సీసం లేని పెట్రోల్‌తో మెత్తటి పోత సీట్లలోకి ఎగ్జాస్ట్ వాల్వు క్రమంగా దిగిపోతుంది. రాకర్‌కూ వాల్వుకూ మధ్య వదిలే ట్యాపెట్ సందు పెట్టిన కొన్నాళ్లకే మూసుకుపోవడం దాని గుర్తు. నాలుగు ఎగ్జాస్ట్ సీట్లకూ గట్టి ఉక్కు రింగులు ఇప్పుడే, హెడ్డు బల్లమీద ఉండగానే వేయించాలి. వాల్వును సీటుకు రుద్ది కూర్చోబెట్టే ల్యాపింగ్ అయ్యాక వాల్వులు, స్ప్రింగులు బిగించి చాంబర్లలో కిరసనాయిలు పోసి పెడితే, అరగంటకు పోర్టులో తడి కనబడకూడదు.

బిగింపు గురించి చెప్పడానికి తక్కువే ఉంది: శుభ్రత, ఆయిల్, టార్క్ రెంచ్. మెయిన్ బోల్టులు 70 అడుగుల పౌండ్లు, కాన్‌రాడ్ బోల్టులు 35. లాకింగ్ రేకులు ప్రతిసారీ కొత్తవి. హెడ్ నట్లు నడిమి నుంచి బయటికి, మూడు విడతలుగా. టైమింగ్ గేర్ల మీది చుక్కలు రెండూ ఎదురెదురుగా రావాలి. క్రాంకు వెనక రబ్బరు సీలు ఉండదు. కోసిన మరలాంటి గాడి ఆయిల్‌ను తిరిగి లోపలికి తోస్తుంది, అంతే. అందుకే పార్కు చేసిన చోట రెండు చుక్కలు పడితే గాబరా అక్కరలేదు. ఇంజిన్ లోపలి గాలిని వదిలే బ్రీదర్ పైపు మూసుకుపోయినా, రింగులు అరిగినా మాత్రం లోపలి గాలి ఒత్తిడి ఆయిల్‌ను వెనక్కి తన్ని క్లచ్ ప్లేటు తడిపేస్తుంది. పక్కనున్న రెండు ట్యాపెట్ కవర్లను లీకు ఆపాలని గట్టిగా బిగించకూడదు. రేకు గిన్నెలా వంగి ఇంకా ఎక్కువ కారుతుంది.

ట్యాపెట్లకు షెడ్లలో తొమ్మిది లెక్క అందరికీ నోటికొచ్చు. ఒకటో వాల్వు పూర్తిగా దిగి ఉన్నప్పుడు ఎనిమిదోది పెట్టాలి, మూడోది దిగితే ఆరోది, ఏదైనా కూడితే తొమ్మిది రావాలి. సందు 15 థౌలు.

బండి లేకుండా ఇంజిన్ నడిపి చూడటం ఎట్లా? యాంగిల్ ఇనుముతో స్టాండు, పాత రేడియేటర్, బ్యాటరీ, కార్బరేటర్ కంటే అడుగు ఎత్తున వేలాడదీసిన పెట్రోల్ డబ్బా, ఆయిల్ గేజీ. చాంబర్‌లో 20డబ్ల్యూ-50 ఆయిల్ దాదాపు 4 లీటర్లు. ఆయిల్ పంపును బిగించేముందే వాజ్‌లైన్‌తో నింపితే గాలి పట్టదు. ప్లగ్గులు పెట్టకుండా, గేజీ సూది లేచేదాకా ఇంజిన్‌ను ఉత్తినే తిప్పి, ఆ తర్వాతే నిప్పు చూపించాలి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. ప్లగ్ సందు 25 థౌలు, డెల్కో (డిస్ట్రిబ్యూటర్) పాయింట్లు 15. ఎస్‌యూ కార్బరేటర్ అయితే పైన డ్యాష్‌పాట్‌లో పలచటి ఆయిల్ మరిచిపోవద్దు. అది లేకపోతే యాక్సిలరేటర్ ఇవ్వగానే ఇంజిన్ మూలిగి వెనక్కి తగ్గుతుంది, జెట్ మూసుకుందని కార్బరేటరంతా విప్పేస్తారు. జెడ్ హ్యాండిల్‌తో తిప్పేవాళ్లు బొటనవేలిని మిగతా వేళ్ల వైపే పెట్టుకోవాలి. వెనక్కి తన్నితే మణికట్టు విరుగుతుంది, టాక్సీ స్టాండులో కట్టుకట్టిన చెయ్యి చూస్తే కారణం ఎవరూ అడిగేవాళ్లు కాదు. వేడెక్కాక గేజీ 50 పౌండ్ల చుట్టూ నిలిస్తే పని బాగున్నట్టు. ఐడిల్‌లో గంటలు గంటలు నడపకూడదు, బరువు పడకపోతే రింగులు కూర్చోవు. వేడి పూర్తిగా ఎక్కి, కారడాలూ చప్పుళ్లూ చూసుకున్నాక ఆపేయాలి.

ఆ తర్వాత బండి దొరికేదాకా ఇంజిన్‌ను కాపాడటం సగం పని. బ్లాకులో నీళ్లు పూర్తిగా దించి, ఫ్లోట్ గిన్నె ఖాళీ చేయాలి. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది, అది తేమను లాగి ఇత్తడి జెట్లను పచ్చగా చేస్తుంది. ఒక్కో బోరులో రెండు చెంచాల ఆయిల్ పోసి చేత్తో తిప్పాలి. రాకర్ స్క్రూలు వదులు చేస్తే ఎనిమిది వాల్వులూ మూసుకుని బోర్లలోకి గాలి పోదు. చాంబర్ రేకు మీద బరువు ఆనకుండా దిమ్మెల మీద మౌంటింగుల దగ్గర నిలబెట్టాలి. క్లచ్ ప్లేటు ఇప్పుడే బిగిస్తే ఫ్లైవీల్‌కు తుప్పుతో అతుక్కుంటుంది, దాన్ని గుడ్డలో చుట్టి విడిగా పెట్టాలి. నెలకోసారి ఒక పావు చుట్టు తిప్పాలి. మా దుమ్ముకు గోనెపట్టా చాలదు, ప్రతి రంధ్రానికీ చెక్క బిరడా ఉండాలి.

బండి వెతకడంలో మా సీమ కరువే మనకు కలిసొస్తుంది. అంబాసిడర్‌కు విడిగా చాసిస్ లేదు, బాడీయే అన్నీ. తలుపుల కింది పెట్టెలు, ఫ్లోరు, వెనక కమాన్ పట్టీలు తగిలే చోట్లు తుప్పు తింటే దాని వెన్నెముక పోయినట్టే. సముద్రం గాలి తిన్న బండికంటే అనంతపురం, బళ్లారి, కళ్యాణదుర్గం వైపు చింతచెట్టు కింద నిలిచిపోయిన బండి బాడీ గట్టిగా ఉంటుంది, రబ్బర్లు మాత్రం ఒక్కటీ మిగలవు. డీజిల్ వేసిన బండయితే ఇంజిన్ మౌంటింగు బ్రాకెట్లు కోసి వెల్డింగ్ చేశారా, గేర్‌బాక్స్ ఏది ఉందో బేరానికి ముందే చూడాలి. కిందికి పడుకుని చూడనివ్వని యజమాని దగ్గర బండి కొనొద్దు. ఇంజిన్ మార్పును మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు 50 ఏండ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లకే వర్తిస్తాయి. ఆ ఆశ ఉంటే కొనేముందు ఆర్‌టీఓ ఆఫీసులో కనుక్కోవడం మంచిది. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి కొత్త కార్లు లారీలెక్కి పోయే హైవే పక్కన ఇంకా ఇట్లాంటి బండ్లు నిలబడి ఉన్నాయి.

ఎక్కించేటప్పుడు క్రాంకు వెనకున్న చిన్న ఇత్తడి బుష్ కొత్తది వేయాలి. పాత గేర్‌బాక్స్ షాఫ్ట్ ముక్కతో క్లచ్ ప్లేటును నడిమికి తెచ్చి బిగిస్తేనే గేర్‌బాక్స్ సాఫీగా దూరుతుంది, వేలాడదీసి తోస్తే ప్లేటు వంగుతుంది. వదులు చేసిన ట్యాపెట్లు మళ్లీ 15 థౌలకు. బోరు నీళ్లు కాకుండా డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ పోయాలి. తొలి 500 కిలోమీటర్లు 60 దాటకూడదు, పెద్ద గేరులో ఎక్కులు ఈడ్చకూడదు. గుత్తికి పోయి వస్తే నూరు కిలోమీటర్లు, అట్లా ఐదు తడవలు తిప్పి తెచ్చాక చాంబర్ ప్లగ్గు విప్పి ఆయిల్ వేడిగా ఉండగానే దించి, హెడ్ నట్లు చల్లటి ఇంజిన్ మీద వరుసగా మళ్లీ బిగించి, ట్యాపెట్లు ఇంకోసారి పెట్టాలి.